పురుగుల బుట్టా, అనుమాన ప్రమాణమూ

వరి చేలో కర్రకు కట్టిన లింగాకర్షక బుట్టలో పడేవి కాండం తొలుచు పురుగు జాతికి చెందిన మగ రెక్కల పురుగులు. పైరును పాడుచేసేది ఆ మగ పురుగు కాదు. ఆ మాటకొస్తే ఆడ రెక్కల పురుగు కూడా కాదు. రెక్కలు వచ్చాక ఈ జాతి మేత ముట్టదు. పాడుచేసేది ఆడ పురుగు పెట్టిన గుడ్లు పగిలి బయటికి వచ్చే పిల్ల పురుగు. అది ఎన్నడూ బుట్టలో పడదు. కాబట్టి బుట్టలో చూసి రాబోయే నష్టాన్ని చెప్పేవారు మూడు అంగల్లో కంటికి కనబడనిచోటికి చేరుతున్నారు: మగ పురుగు నుంచి ఆడ పురుగుకు, అక్కడి నుంచి పిల్ల పురుగుకు, దాని నుంచి తాలుగా వచ్చే తెల్లకంకికి. ఇలా చూసినదాన్ని పట్టుకుని చూడనిదాన్ని చెప్పడాన్ని భారతీయ దర్శనాలు అనుమానం అన్నాయి. అది ప్రత్యక్షంతో సమానమైన జ్ఞానమా, నమ్మదగిన ఊహ మాత్రమేనా అన్న తగువు దర్శనాల మధ్య శతాబ్దాలపాటు నడిచింది. బుట్ట ముందు నిలబడితే ఆ తగువు పుస్తకాలది మాత్రమే కాదని తెలుస్తుంది, ఎందుకంటే జవాబును బట్టి మందు కొట్టడమా మానడమా అన్నది తేలాలి.

కృష్ణా పశ్చిమ డెల్టా ఈ ప్రశ్నకు తగిన చోటు. ప్రకాశం బ్యారేజి నుంచి వచ్చే కాలువ నీటి మీద తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల సార్వా వరి కొద్ది రోజుల తేడాతో నాటుతారు. మైళ్ల కొద్దీ ఒకే పైరు, ఇంచుమించు ఒకే వయసులో నిలబడి ఉంటుంది. ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన రకం కూడా ఒకటే: బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204, రైతుల నోట సాంబ మసూరి. అన్నానికి అంత బాగుండే ఈ రకం సుడిదోమకు గాని, ఆకు ఎండు తెగులుకు గాని తట్టుకోలేదు. నూట యాభై రోజుల పంట కావడంతో కాండం తొలుచు పురుగుకు ఒకే పైరు మీద ఒకటికి మించిన తరాలు గడిపే వ్యవధి కూడా దొరుకుతుంది. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. లింగాకర్షక బుట్టలు, దీపపు ఎరలు, జిగురు అట్టలు ఈ డెల్టాలో కొత్త మాటలు కావు.

బుట్ట వెనుక ఉన్న విద్య 1959 నాటిది. ఆ ఏడాది జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడోల్ఫ్ బుటెనాంట్ బృందం సుమారు ఐదు లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి, మగదాన్ని పిలిచే వాసన పదార్థాన్ని విడదీసింది. ఒక జాతి వాసన ఆ జాతి మగ పురుగునే పిలుస్తుంది. బుట్ట విలువంతా ఈ గుణంలోనే ఉంది. పురుగు ఉనికిని కనిపెట్టడానికి ఎకరాకు మూడు బుట్టలు పెట్టమనీ, వారంలో బుట్టకు 25 నుంచి 30 మగ పురుగులు పడితే నివారణ మొదలుపెట్టమనీ వరికి సిఫారసు ఉంది. ఆ తర్వాత జరిగేది ఇది: ఆడ పురుగు ఆకు కొన దగ్గర గుడ్ల గుంపు పెట్టి గోధుమ రంగు నూగుతో కప్పుతుంది. వారం అటూ ఇటూగా అవి పొదుగుతాయి. పిల్ల పురుగు కాండంలోకి దూరి లోపలి నుంచి తింటుంది. పైరు పిలకల దశలో ఉంటే మొవ్వు చస్తుంది. ఈనే దశలో ఉంటే కంకి తెల్లగా, తాలుగా బయటికి వస్తుంది. చచ్చిన మొవ్వుకు బదులు వరి ఇంకో పిలక వేయగలదు. తెల్లకంకికి బదులు లేదు. అందుచేత ఆగస్టులో పడిన ముప్పై పురుగులకూ అక్టోబరులో పడిన ముప్పై పురుగులకూ అంకె ఒకటే అయినా అర్థం ఒకటి కాదు.

న్యాయసూత్రాలు అనుమానాన్ని మూడు రకాలుగా చెప్పాయి. వాత్స్యాయనుడి భాష్యం ఇచ్చిన ఒక వివరణ ప్రకారం, కారణాన్ని చూసి కార్యాన్ని ఊహించడం పూర్వవత్తు: మబ్బు పట్టింది కనుక వాన వస్తుంది. కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించడం శేషవత్తు: ఏరు పొంగింది కనుక ఎగువన వాన కురిసింది. మూడోది సామాన్యతోదృష్టం, దాని ప్రస్తావన ఇక్కడ అక్కర్లేదు. చచ్చిన మొవ్వును చూసి లోపల పురుగుందనడం శేషవత్తు. బుట్టను చూసి మొవ్వు చస్తుందనడం పూర్వవత్తు. ఈ రెండూ ఒకే తాడుకు రెండు కొసల్లా కనబడినా వాటి బలం సమానం కాదు. పూర్వవత్తు ఎప్పుడూ బలహీనమైనదే, ఎందుకంటే కారణానికీ కార్యానికీ నడుమ ఎంతో కొంత కాలం ఉంటుంది, ఆ కాలంలో ఏదైనా అడ్డుపడవచ్చు.

అనుమానానికి ఉన్న బలహీనతను న్యాయ శాస్త్రం దాచుకోలేదు. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి, అంటే ఆక్షేపించేవాడు, అనుమానం ప్రమాణమే కాదంటాడు, అంటే నమ్మదగిన జ్ఞాన సాధనం కాదంటాడు. అతడు ఎత్తి చూపిన మూడు ఉదాహరణల్లో ఒకటి పురుగులదే కావడం విశేషం. ఏరు పొంగితే ఎగువన వాన పడిందంటారు, కానీ దిగువన కట్ట అడ్డుపడినా ఏరు పొంగుతుంది. చీమలు గుడ్లు మోసుకుపోతుంటే వాన వస్తుందంటారు, కానీ పుట్టను ఎవరైనా చెదరగొట్టినా అవి గుడ్లు మోసుకునే పోతాయి. నెమలి కూత విని నెమలి ఉందంటారు, కానీ మనిషి కూడా అలా కూయగలడు. చీమల బారు చూసి వానను చెప్పడం డెల్టా పల్లెల్లో నేటికీ వినబడే మాటే. దాని మీద ఆక్షేపణ మాత్రం సుమారు రెండు వేల ఏళ్ల నాడే నమోదైంది.

మూడు ఆక్షేపణలూ బుట్టకు వర్తిస్తాయి. పక్క చేలో కోత మొదలైతే అక్కడి పురుగులు ఇటు మళ్లి బుట్టలో పడవచ్చు. అది ఈ చేలో పుట్టిన పురుగుల లెక్క కాదు. గాలివాటాన ఎక్కడి నుంచో కొట్టుకొచ్చినవీ పడవచ్చు. ఇక పోలిక సంగతి మరీ సూటిగా తగులుతుంది. బుట్టలో పడిన ప్రతి లేత రంగు రెక్కల పురుగూ కాండం తొలుచు పురుగు కాదు. చేలో కనబడిన ప్రతి తెల్లకంకీ దాని పని కాదు. మెడవిరుపు తెగులు సోకినా కంకి తెల్లబోతుంది. పురుగు తొలిచిన కంకి పట్టుకుని లాగితే సులువుగా ఊడి వస్తుంది, తెగులు సోకినది అలా రాదు. రైతులకు తెలిసిన ఈ చిన్న పరీక్ష తర్కశాస్త్రం అడిగే పరీక్షే.

పూర్వపక్షికి సిద్ధాంతి ఇచ్చిన జవాబు ఇంకా గొప్పది. తప్పు అనుమానానిది కాదు, అనుమానించినవాడిది అంటాడు. ఏరు పొంగడం అంటూ ఉత్తినే తీసుకోకూడదు. వాన వరదకు తన గుర్తులు తనకున్నాయి: వడి, నురుగు, కొట్టుకొచ్చే ఆకులు, పండ్లు, కట్టెలు. చీమలు బెదిరి పరుగెత్తడం వేరు, చాలాచోట్ల గుంపులు గుంపులుగా గుడ్లతో సాగిపోవడం వేరు. విశేషాలతో కూడిన గుర్తే హేతువు. విశేషాలు ఒలిచేసిన గుర్తు హేతువులా కనబడే ఆభాసం. ఈ జవాబును చేలోకి తెస్తే, బుట్టలో పురుగులు పడ్డాయన్నది హేతువు కాదు. ఏ జాతి, ఎన్ని బుట్టల్లో, వరుసగా ఎన్ని వారాలు, పైరు ఏ దశలో ఉండగా, ఎర పెట్టి ఎన్నాళ్లయింది అన్నవి చేరాకే అది హేతువు అవుతుంది. ఒక బుట్టను ఒక ఉదయం చూసి మందుల కొట్టుకు వెళ్లినవాడు, పుట్ట చెదిరిన చీమలను చూసి గొడుగు వెతుక్కున్నవాడే.

హేతువుకూ, దానితో నిరూపించదలచిన సాధ్యానికీ నడుమ ఉండవలసిన విడదీయరాని సంబంధం వ్యాప్తి. వ్యాప్తి లేనిచోట ఉన్నట్టు భ్రమింపజేసేది ఉపాధి. తర్కసంగ్రహం చదివినవారికి దీని ఉదాహరణ కంఠతా ఉంటుంది. 17వ శతాబ్దపు ఆంధ్ర పండితుడు అన్నంభట్టు రాసిన ఆ చిన్న పుస్తకంతోనే దేశమంతటా తర్క విద్యార్థులు నేటికీ అక్షరాభ్యాసం చేస్తారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, నిజమే. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుకు పచ్చి కట్టె తోడైతేనే పొగ. ఆ పచ్చి కట్టె తోడు ఉపాధి: పొగ ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు.

పురుగు నష్టం ఉన్నచోటల్లా రెక్కల పురుగు వచ్చి ఉండాలి. రెక్కల పురుగు వచ్చినచోటల్లా నష్టం ఉండదు. నడుమ ఉన్న పచ్చి కట్టెలు ఒకటి రెండు కావు. గుడ్లు పొదగాలి, గుడ్లలోనే గుడ్లు పెట్టి వాటిని తినేసే ట్రైకోగ్రామా, టెలినోమస్ వంటి కంటికి ఆనని కందిరీగ జాతులు వాటిని వదలాలి. టెలినోమస్ ఆడ రెక్కల పురుగు ఒంటినే పట్టుకుని ప్రయాణించి, అది గుడ్లు పెడుతుండగానే తన గుడ్లు అందులో పెట్టేస్తుంది. పైన నూగు కప్పే లోపే పని అయిపోతుంది. పొదిగిన పిల్లలు సాలీళ్లకు చిక్కకుండా కాండం చేరాలి. పైరు వాటికి అనువైన దశలో ఉండాలి. బుట్ట ఇవేవీ లెక్కపెట్టదు. ముప్పై మగ పురుగులు పడిన రెండు చేలలో ఒకదాంట్లో గుడ్ల గుంపుల్లో చాలాభాగం నల్లబడి కందిరీగల పాలైతే, రెండోదాంట్లో ఆ కందిరీగలు కిందటి వారం కొట్టిన మందుకు చచ్చిపోయి ఉంటే, బుట్ట చెప్పిన మాట ఒకటే అయినా ఫలితం రెండు విధాలు. ఇక్కడ మందే ఉపాధి అయి కూర్చుంది. నష్టం రాకుండా కొట్టిన మందు, మరుసటిసారి బుట్ట లెక్కను నిజం చేసే పరిస్థితిని తయారుచేస్తుంది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడిన చేలలో సుడిదోమ తగ్గకపోగా విజృంభించడం వరి పండే దేశాలన్నిటా చూసిన సంగతి.

బౌద్ధ తార్కికులు ఈ విషయంలో నైయాయికుల కంటే కఠినులు. ఈ విద్యకు ఆంధ్ర దేశంతో పాత చుట్టరికం ఉంది. 7వ శతాబ్దిలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్, దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రచించిన స్థలాన్ని వేంగి దాపున ఉన్నట్టు రాశాడు. దిఙ్నాగుడి ప్రకారం హేతువుకు మూడు లక్షణాలుండాలి: నిరూపించదలచిన చోట అది ఉండాలి, సాధ్యం ఉన్న ఇతర చోట్లా ఉండాలి, సాధ్యం లేనిచోట ఉండకూడదు. మూడోదే అసలైన గీటురాయి, చేలల్లో తరచూ విడిచిపెట్టేది కూడా అదే. పురుగు కొట్టిన చేలకు వెళ్లి బుట్టల్లో పురుగులు పడ్డాయా అని అడిగితే పడ్డాయనే జవాబు వస్తుంది. పురుగు కొట్టని చేలకు వెళ్లి అక్కడి బుట్టల్లో కూడా అన్నే పడ్డాయా అని అడిగినప్పుడే బుట్ట విలువ తేలుతుంది. నష్టం జరిగినచోటే ఆరా తీయడం మనుషులకు సహజం. నష్టం జరగనిచోట ఆరా తీయడం శాస్త్రం.

ధర్మకీర్తి ఇంకో అడుగు వేశాడు. కారణాన్ని చూసి కార్యం వచ్చి తీరుతుందని చెప్పలేమనీ, నడుమ అడ్డంకి పడే వీలు ఎప్పుడూ ఉంటుందనీ, కారణ సామగ్రి కూడినప్పుడు చెప్పగలిగిందల్లా కార్యం పుట్టడానికి యోగ్యత ఏర్పడిందని మాత్రమే అనీ అతని వాదం. బుట్ట విషయంలో అన్ని దర్శనాల్లోకీ నమ్మదగిన మాట ఇదే. వారానికి బుట్టకు ముప్పై పురుగులంటే పంట పోతుందని కాదు. పంట పోయే యోగ్యత ఈ చేలో ఏర్పడింది, ఇక చేలోకి దిగి ఆకు కొనల మీద గుడ్ల గుంపులు చూడాలి అని. బుట్ట చెప్పేది నష్టం గురించి అనుకున్నప్పుడు అది తరచూ తప్పుతుంది. ఎప్పుడు, ఎక్కడ కళ్లు పెట్టి చూడాలో చెబుతుంది అనుకుంటే అరుదుగా తప్పుతుంది.

ఇంతవరకు పడిన పురుగుల మాట. బుట్ట ఖాళీగా ఉంటే? ఖాళీ బుట్ట చూసి పురుగు లేదనుకోవడం, లేమిని తెలుసుకునే ప్రమాణం మీద ఆధారపడుతుంది. మీమాంసకుడు కుమారిల భట్టు దీన్ని అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా ఒప్పుకున్నాడు. ధర్మకీర్తి అనుమానంలోనే ఒక భేదంగా చేర్చాడు. ఎక్కడ చేర్చినా ఒక షరతు మాత్రం విడవలేదు: ఉండి ఉంటే కనబడి తీరవలసినది కనబడనప్పుడే అది లేదనాలి. బల్ల మీద కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. పిశాచం కనబడకపోతే పిశాచం లేదనడానికి వీల్లేదు, ఎందుకంటే ఉన్నా అది కనబడేది కాదు. ఖాళీ బుట్ట కుండ వరసలోదా, పిశాచం వరసలోదా?

చాలాసార్లు రెండోదే. ఎర పాతబడి వాసన పోయిన బుట్ట పురుగు ఉన్నా ఖాళీగానే ఉంటుంది. దీపపు ఎరకు పున్నమి వెన్నెల్లో పురుగులు తగ్గుతాయి. చేలో తగ్గినట్టు కాదు, దీపం వెలుగు తేలిపోయినట్టు. సుడిదోమ సంగతి ఇంకా చిత్రం. ఆ దోమలో పొడుగు రెక్కలవి, పొట్టి రెక్కలవి అని రెండు రూపాలున్నాయి. ఎగిరి దీపానికి వచ్చేవి పొడుగు రెక్కలవే. పైరు అనువుగా ఉన్నప్పుడు దుబ్బు మొదట్లో స్థిరపడి, ఎగరలేక, మరిన్ని గుడ్లు పెట్టేవి పొట్టి రెక్కలవి. అవి దీపం మొహం చూడవు. అంటే దీపపు ఎర వలస వచ్చిన దోమను చెబుతుంది, కాపురం పెట్టిన దోమను చెప్పదు. ప్రమాదం ముదిరిన రోజుల్లో సరిగ్గా మౌనం వహిస్తుంది. అందుకే సుడిదోమకు సిఫారసు దీపం మీద ఆగిపోదు. పైరు వంచి, దుబ్బు మొదట్లో నీటికి పైన చూసి లెక్కపెట్టమంటుంది: పిలక దశలో దుబ్బుకు పది పదిహేను, ఈనిన తర్వాత ఇరవై ఇరవై ఐదు దాటితే మందు. నాటేటప్పుడు రెండు మీటర్లకొకటి చొప్పున వదిలే కాలిబాటలు గాలీ వెలుతురూ తగలడానికే కాక, ఇలా లోపలికి వెళ్లి చూడడానికీ పనికివస్తాయి. ఇక్కడ అనుమానం వెనక్కి తగ్గి ప్రత్యక్షానికి చోటిస్తుంది.

అమెరికా, ఐరోపా బెర్రీ తోటల్లో ఈ చిక్కే మరో రూపంలో ఎదురైంది. తూర్పు ఆసియాకు చెందిన డ్రోసోఫిలా సుజుకీ అనే పండు ఈగ 2008లో కాలిఫోర్నియాలోను, అదే ఏడాది స్పెయిన్, ఇటలీల్లోను కనబడింది. మామూలు పండు ఈగలు కుళ్లిన పండు మీద వాలితే ఇది పండుతున్న స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లూబెర్రీ తొక్కను కోసి గుడ్లు పెడుతుంది. సిర్కా, ఈస్టు, చక్కెర నీళ్లు పోసిన డబ్బాలు ఎరగా పెట్టారు. కానీ తోటంతా పళ్లు పండి ఉన్నప్పుడు డబ్బాలో వాసన ఈగకు అంత రుచించదు. డబ్బాలో ఈగ పడేసరికి పళ్లలో గుడ్లు పడి ఉండటమూ, డబ్బా ఖాళీగా ఉండగానే పళ్లు పురుగుపట్టడమూ జరిగాయి. దాంతో పళ్లను ఉప్పునీళ్లలో వేసి పురుగులు తేలుతాయేమో చూసే పద్ధతి డబ్బాకు తోడైంది.

అన్ని చేలలోనూ బుట్టలుండవు. ఎక్కువమంది రైతులకు ఈ జ్ఞానం మరొకరి మాటగా చేరుతుంది: ఊళ్లోని రైతు సేవా కేంద్రం, కళాశాల సలహా, పక్క రైతు, మందుల కొట్టు. శబ్ద ప్రమాణం ఇక్కడి నుంచే మొదలు. నమ్మదగినవాడు ఆప్తుడు. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు ఆప్తుడని వాత్స్యాయనుడు నిర్వచించి, ఆ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనన్నాడు. చదువును గాని, పదవిని గాని షరతుగా పెట్టలేదు. ఈ లెక్కన పక్క చేనివాడు తన బుట్ట చూసి చెప్పిన మాట ఆప్తవాక్యమే. మందు అమ్మేవాడికి విషయం తెలిసి ఉండవచ్చు, కానీ నిర్వచనంలోని రెండో సగం అతని విషయంలో ఎప్పుడూ సందేహంలోనే ఉంటుంది. అతడి నిజాయితీ ఎంతటిదైనా, చెప్పే మాటకూ అమ్మే సరుకుకూ నడుమ గోడ లేదు. ఇండోనేషియాలో 1989లో మొదలై తర్వాత తెలుగు నేలకు పొలంబడిగా వచ్చిన పద్ధతి, రైతులే చేలోకి దిగి పురుగులనూ మిత్ర పురుగులనూ లెక్కపెట్టి నిర్ణయించుకోవాలంటుంది. వినేవాడినే ఎరిగినవాడిగా మార్చే ప్రయత్నం అది.

జ్ఞానం సందేహంగానే మిగిలితే పని ఎలా చేయాలి? ప్రత్యక్షాన్ని తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని చార్వాకుడి సమాధానం సులువైనది: లోకం నిశ్చయ జ్ఞానంతో నడవడం లేదు, సంభావనతో నడుస్తోంది. పొగ చూసి నిప్పు ఉండవచ్చనుకుని వెళతాం; దొరికితే అనుమానం నిజమైందని పేరు పెడతాం. నైయాయికుడు ఉదయనుడు దీనికి న్యాయకుసుమాంజలిలో బదులిచ్చాడు. సందేహానికి హద్దు ఉంది. ఆచరణతో విరోధం వచ్చేచోట అది ఆగిపోతుంది. అన్నం ఆకలి తీరుస్తుందో లేదో అని నిజంగా సందేహించేవాడు అన్నానికి కూర్చోడు. ఈ వివాదంలో ఎవరిది గెలుపన్నది పక్కనబెడితే, బుట్టకు 25 నుంచి 30 అన్న హద్దు చార్వాకుడి పక్షాన నిలబడుతుందనే చెప్పాలి. అది నిజాన్ని చెప్పే అంకె కాదు, పని మొదలుపెట్టే అంకె. 1959లో కాలిఫోర్నియా కీటక శాస్త్రవేత్తలు స్టెర్న్, స్మిత్, వాన్ డెన్ బాష్, హేగెన్ ఆర్థిక నష్ట పరిమితి అన్న భావనను ప్రతిపాదించినప్పుడు ఉద్దేశించినదీ ఇదే: పురుగు ఉందా లేదా అన్నది కాక, పురుగు చేయబోయే నష్టం దాన్ని ఆపే ఖర్చును మించుతుందా అన్నది ప్రశ్న. వడ్ల ధర మారితే, మందు ధర మారితే హద్దు మారాలి. పురుగు జీవితంలో ఏ మార్పూ లేకుండా మారే హద్దు ప్రకృతి సత్యం కాజాలదు.

జోస్యానికి ఉన్న ఇంకో చిక్కు, దాన్ని నమ్మినవారే దాన్ని అబద్ధం చేస్తారు. బుట్ట చూసి మందు కొట్టారు, తెల్లకంకులు రాలేదు. మందు పనిచేసిందా, అసలు వచ్చేవే కావా? కొట్టకపోతే ఏమై ఉండేదన్నది న్యాయంలో తర్కం అనబడే ఊహ. నైయాయికులు దాన్ని ప్రమాణంగా ఒప్పుకోలేదు, ప్రమాణానికి సహాయంగా మాత్రమే ఒప్పుకున్నారు. సహాయం ప్రమాణం కావాలంటే చేలో కొంత మేర మందు కొట్టకుండా వదిలి చూడాలి. పరిశోధన క్షేత్రంలో ఆ పని చేస్తారు. కౌలు కట్టి సాగు చేసే రైతు చేయలేడు, చేయమనడం కూడా న్యాయం కాదు. అందువల్ల చాలా చేలలో జోస్యం నిజమో కాదో ఎన్నటికీ తేలదు, మందు మీద నమ్మకం మాత్రం ఏటేటా పెరుగుతుంది.

పురుగు పడటం కర్మఫలమనే మాట కూడా ఉంది. అయితే అది ముందుగా తెలిసి ప్రయోజనమేమిటి? వేదాంతం కర్మను సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని విడదీసింది. ఫలించడం మొదలైన ప్రారబ్ధాన్ని అనుభవించక తప్పదు. మిగతా వాటి సంగతి అలా కాదు. పతంజలి యోగసూత్రాల్లో విడిచిపెట్టదగిన దుఃఖం ఇంకా రానిదేనని ఉంది. దాని మీద వ్యాసభాష్యం కారణం చెబుతుంది: గడిచినది అనుభవంతో ఖర్చయిపోయింది, ఇప్పుడున్నది అనుభవంలోనే ఉంది, రాబోయేది ఒక్కటే తప్పించుకోవడానికి వీలైనది. బుట్ట పెట్టినవాడు ఈ సూత్రాన్ని చదవకపోయినా ఒప్పుకున్నట్టే. రాబోయేది నిశ్చయమే అయితే బుట్ట అక్కర్లేదు. రాబోయేదానికి ఏ గుర్తూ ముందుగా ఉండదన్నా బుట్ట అక్కర్లేదు. భవిష్యత్తు గుర్తులు పంపుతుంది, కానీ ఇంకా ఖరారు కాలేదు అన్న నడిమి దృష్టి మీదే చేలో కర్ర పాతుతారు.

మిగిలింది హింస. బుట్ట తెలుసుకోవడానికి చంపుతుంది, అదీ ఆశపెట్టి చంపుతుంది. జైనం గృహస్థుకు సంకల్పించి చేసే హింసను నిషేధించి, బతుకు పనుల్లో తప్పని ఆరంభ హింసను సహించింది. సేద్యం ఈ రెండోదాని కిందికి వస్తుంది. బౌద్ధ భిక్షువులకు నేల తవ్వడమే నిషిద్ధం. వానాకాలంలో తిరుగుతూ పచ్చని పైరునూ చిన్న ప్రాణులనూ తొక్కుతున్నారని జనం ఆక్షేపించినందువల్లే, వానాకాలం ఒకేచోట గడిపే వర్షావాసం ఏర్పడిందని వినయపిటకం చెబుతుంది. రేపల్లె దారిలో, 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో ధాతు కరండాలు బయటపడిన భట్టిప్రోలు స్తూపం నేడు వరి చేల నడుమనే ఉంది. అక్కడ వర్షావాసం గడిపిన భిక్షువులకు అన్నం పెట్టింది మాత్రం నేల తవ్వి పురుగును చంపక తప్పని సేద్యగాళ్లే. ఈ ఇరకాటాన్ని ఏ మతమూ పూర్తిగా విప్పలేదు.

తత్త్వార్థసూత్రంలో ఉమాస్వాతి ఇచ్చిన నిర్వచనం ఇక్కడ పనికొస్తుంది. ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో కూడిన ప్రవర్తన వల్ల ప్రాణాలు తీయడం హింస అన్నాడు. ఈ కొలతతో చూస్తే కొన్ని మగ పురుగులను చంపి, చేలో గుడ్లు చూసి, అవసరం లేదని తేలి మందు మానుకున్నచోట సాలీళ్లు, కందిరీగలు, తూనీగలు, చేపలు, మందు కొట్టే కూలీ ఊపిరితిత్తులు కూడా దక్కాయి. క్యాలెండరు చూసి కొట్టే మందులో ఆ చూపు లేదు. అన్నిటికన్నా నిందార్హమైనది రాయితీ మీద వచ్చిందని బుట్ట కట్టి, పంట కోసేదాకా ఒక్కసారైనా లెక్క చూడకపోవడం. అక్కడ పురుగు చచ్చింది, తెలిసిందేమీ లేదు. ఎకరాకు మూడు బుట్టలు తెలుసుకోవడానికైతే, ఎనిమిది పెట్టి మగ పురుగులను మూకుమ్మడిగా పట్టడం పురుగును తగ్గించడానికే. ఆ రెండో పనిని జ్ఞానం పేరుతో సమర్థించుకోవడానికి వీల్లేదు, పంట రక్షణ పేరుతోనే సమర్థించుకోవాలి. దీపపు ఎర మీద ఆక్షేపణ ఇంకా ఎక్కువ. లింగాకర్షక బుట్ట ఒక్క జాతినే పిలిస్తే, దీపం శత్రువునూ మిత్రుణ్నీ ఎంచకుండా పిలుస్తుంది. అందుకే దాన్ని రాత్రంతా వెలగనీయకుండా పొద్దుగూకిన తర్వాత రెండు మూడు గంటలపాటు వెలిగించి ఆర్పేయమంటారు. సౌరశక్తితో నడిచే కొత్త దీపాల్లో ఆ పనిని గడియారమే చూసుకుంటుంది.